వాసన ఆకులకు గుణం ఎక్కడి నుంచి వస్తుంది?

వేరు వేరు మడుల నుంచి వచ్చిన కొత్తిమీర కట్టలు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఒకటి ముదురు పచ్చగా, కాడలు బారుగా, చూపునకు ఇంపుగా ఉన్నదనుకుందాం. రెండవది పొట్టిగా, ఆకు చిన్నదిగా, రంగు కొంచెం తక్కువగా ఉన్నది. బజారులో అందరి చెయ్యీ మొదటిదాని మీదికే పోతుంది. కాని ఒక్కొక్క ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపి చూస్తే తరచుగా చిన్న ఆకే ఘాటుగా ఉంటుంది. రెండింటి విత్తనమూ ఒకటే కావచ్చును. ఎండ వేరు, నీరు వేరు, ఎరువు వేరు. ఆకు ఎంత ఏపుగా పెరిగినదీ ఒక లెక్క. అందులో మనకు పనికివచ్చే ద్రవ్యాలు ఎంత చేరినవీ మరొక లెక్క. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలిసి నడవవు. ఎందుకు నడవవో తెలుసుకోవాలంటే మొక్క ఆ ద్రవ్యాలను ఎందుకు తయారుచేస్తుందో ముందు చూడాలి.

చక్కెర, పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వులు లేనిదే ఏ మొక్కా బతకదు. ఇవి అన్ని మొక్కలలోను ఉంటాయి. ఇవి కాక ఒక్కొక్క మొక్కకు ప్రత్యేకంగా కొన్ని ద్రవ్యాలు ఉన్నవి: పుదీనాకు ఒక రకం, వాముకు ఒక రకం, ఉల్లికి మరొక రకం. వీటిని ద్వితీయ ద్రవ్యాలంటారు. పేరుకు ద్వితీయమే గాని పనిలో కాదు. మొక్క ఉన్నచోటు నుంచి కదలలేదు గదా! పురుగును వెళ్ళగొట్టడం, బూజును అరికట్టడం, ఎండలోని తీక్ష్ణమైన కిరణాలను ఆపుకోవడం చాలావరకు వీటి ద్వారానే సాగుతుంది. మనం రుచి అని మెచ్చుకునేది ఎన్నో పురుగులకు విషం. మనకోసం తయారైనవి కావు గనుక, మన అవసరాన్ని బట్టి కాక మొక్క అవసరాన్ని బట్టి, దాని చేతిలో ఉన్న ముడిసరుకును బట్టి ఇవి హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి.

పుదీనా ఆకును తిరగవేసి భూతద్దంతో చూస్తే మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి తైలగ్రంథులు. ఒక్కొక్క గ్రంథిలో ఎనిమిది కణాలు పళ్ళెంలా అమరి, తాము తయారుచేసిన నూనెను పైన ఉన్న పలుచని పొర కింద బుడగలా నింపి ఉంచుతాయి. ఆకును నలిపినప్పుడు ఆ బుడగ చిట్లుతుంది. ఈ నూనె నువ్వుల నూనె వంటిది కాదు. గాలి తగిలితే ఆవిరై పోయే జాతిది. కరివేపాకులో నూనె సంచులు ఆకు లోపలనే ఉంటాయి. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అవి చుక్కలుగా అగుపిస్తాయి. కొత్తిమీరలో సన్నని నాళాలు ఉంటాయి. తరగతిలో ఈ మూడు ఆకులనూ ఒకేసారి చూపించడం చాలా సులభం, ఖర్చు లేని పని.

ఇందులో ఎక్కువ పరిశోధన జరిగినది పిప్పరమెంటు పుదీనా మీద. మనం నోట్లో వేసుకునే బిళ్ళలకు వాసన ఇచ్చే మొక్క ఇదే. అమెరికాలో వాయవ్య రాష్ట్రాలైన ఆరిగన్, వాషింగ్టన్‌లలో దీనిని నూనె కోసం పైరుగా వేస్తారు. ఆకు వయస్సు ప్రకారం నూనె ఎప్పుడు చేరుతుందో అమెరికాలోనే కొందరు శాస్త్రజ్ఞులు కొలిచి, 2000లో ఫలితాలు ప్రకటించారు. ఆకు 12 రోజుల వయస్సు నుంచి 20 రోజుల వయస్సు వరకే నూనె తయారీ జోరుగా సాగినది. తర్వాత దాదాపు ఆగిపోయినది. అంటే ప్రతి ఆకుకూ సుమారు ఒక వారం రోజుల గడువు ఉన్నదన్నమాట. ఆ వారంలో మొక్కకు ఎటువంటి ఎండ, ఎంత నీరు దొరికినవో ఆ ఆకు గుణాన్ని అవే చాలావరకు నిర్ణయిస్తాయి. ముదిరిన ఆకుకు తర్వాత ఎంత సేవ చేసినా ఖాళీ గ్రంథి నిండదు.

నూనె ఎంత అనేదే కాదు, ఎటువంటిది అనేది కూడా మారుతుంది. పిప్పరమెంటు నూనెలో మనం కోరేది మెంథాల్. అది తయారయ్యే దారిలో పులెగోన్ అనే పదార్థం వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. పులెగోన్‌కు ఉదజని చేరితే మెంథోన్ అవుతుంది, దానికి మరల ఉదజని చేరితే మెంథాల్ అవుతుంది. ఉదజనికి బదులు ఆమ్లజని చేరితే మెంథోఫ్యూరాన్ అనేది వస్తుంది. ఇది ఎక్కువైతే నూనె వాసన చెడి ధర పడిపోతుంది. ఏ దారి పట్టేదీ దేని వల్ల నిర్ణయమవుతుంది? ఆరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బర్బాట్, లూమిస్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాలు 1967లో వెలువడినవి. పగలు దీర్ఘంగా, వెలుతురు ఎక్కువగా, రాత్రి చల్లగా ఉంటే మెంథోన్ దారి. పగలు కురచై రాత్రి వెచ్చగా ఉంటే పులెగోన్, మెంథోఫ్యూరాన్‌ల దారి.

వారు చెప్పిన కారణం సంసారపు జమాఖర్చు వంటిది. మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల చక్కెర సంపాదిస్తుంది. పగలూ రాత్రీ శ్వాసక్రియలో దానిని ఖర్చు పెడుతుంది. రాత్రి వెచ్చగా ఉన్నకొద్దీ ఖర్చు పెరుగుతుంది. చక్కెర నిలవ ఉన్న గ్రంథిలో ఉదజనిని చేర్చే శక్తి ఉంటుంది. నిలవ అడుగంటితే ఆమ్లజని చేరే మార్పులది పైచేయి అవుతుంది. మన కోస్తా జిల్లాలలో మే నెలలో రాత్రి ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల కంటే దిగని రోజులుంటాయి. ఎంత పెద్ద పగలైనా 13 గంటలకు కొంచెం మించుతుంది, అంతే. పిప్పరమెంటు పుదీనాకు ఇది అనుకూలమైన చోటు కాదని దీనిని బట్టి తెలుస్తున్నది. మన దేశంలో మెంథాల్ కోసం వేసేది జపాను పుదీనా అనే వేరొక జాతి. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ ప్రాంతం దానికి ప్రసిద్ధి. మన పచ్చడి పుదీనా సాధారణంగా ఇంకొక జాతి. దాని వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం. కాబట్టి పై ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు మన పెరటి పుదీనాకు అంటగట్టరాదు. చుట్టరికం ఉన్నది గాని జాతకం ఒకటి కాదు.

వెలుతురు అంటే కంటికి కనిపించే వెలుతురు మాత్రమే కాదు. ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉన్నవి. వాటిలో 280 నుంచి 315 నానోమీటర్ల పొడవు గల తరంగాలు జీవకణాలకు హాని చేయగలవు. రుద్రజడ మొక్క, అంటే సబ్జా గింజలు ఇచ్చేది, ఇటలీవారి వంటలో మన కరివేపాకంత ముఖ్యమైనది. చల్లని దేశాలలో దీనిని గాజు ఇళ్ళలో పెంచుతారు. మామూలు గాజు ఈ కిరణాలను రానివ్వదు. అలా పెరిగిన మొక్కలకు ఆ కిరణాలను దీపాల ద్వారా విడిగా తగిలించి చూసినప్పుడు నూనె గణనీయంగా హెచ్చినదని 1999లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. లవంగం వాసనకు కారణమైన యూజినాల్ కూడా హెచ్చినవాటిలో ఉన్నది. తర్వాతి పరిశోధనలలో తేలిన విషయం ఇంకా ఆసక్తికరమైనది: ఈ కిరణాలు తగలని రుద్రజడ ఆకులో గ్రంథులు ఉన్నా, అవి పూర్తిగా నిండవు. మొక్క పైపొరలో చేరే ఫ్లేవనాయిడులు అనే ద్రవ్యాల సంగతీ ఇంతే. అవి ఈ కిరణాలను పీల్చుకుని లోపలి కణాలను కాపాడతాయి. గొడుగు అవసరం లేని చోట గొడుగు కొనేవారుండరు గదా. మేడమీది ఇంట్లో కిటికీ అద్దం వెనుక పెంచిన మొక్క పచ్చగా ఉండి కూడా చప్పగా ఉండడానికి ఇది ఒక కారణం. కూరగాయలు పెంచే పాలీహౌసులకు కప్పే ప్లాస్టిక్ రేకులలో కొన్ని ఈ కిరణాలను ఆపివేస్తాయి, కొన్ని ఆపవు. వాసన ఆకులు వేయదలచినవారు రేకు కొనేముందు ఈ సంగతి విచారించుకోవడం మంచిది.

ఇక నీరు. కొంచెం నీటి ఎద్దడి ఉంటే వాసన హెచ్చుతుందని తోటమాలులు అంటారు. ఇది చాలాసార్లు నిజమే. కాని ఇందులో ఒక తిరకాసు ఉన్నది. లెక్క సులభంగా ఉండేందుకు ఊహించి చెప్పుకుందాం. నీరు పుష్కలంగా పోసిన మొక్క 200 గ్రాముల ఆకు ఇచ్చినది. గ్రాముకు 1 పాలు చొప్పున మొత్తం నూనె 200 పాళ్ళు. నీరు తగ్గించిన మొక్క 100 గ్రాములే ఇచ్చినది. గ్రాముకు ఒకటిన్నర పాళ్ళ చొప్పున మొత్తం 150 పాళ్ళు. రెండవ ఆకు ఘాటైనది, నిజమే. కాని మొక్క తయారుచేసిన నూనె తగ్గినది! పాలు మరిగిస్తే చిక్కబడతాయి. అంతమాత్రాన ఆవు ఎక్కువ ఇచ్చినట్టు కాదు. ఆకును కొనుక్కుని తినేవారికి రెండవది మేలు. నూనె తీసి అమ్మేవారికి మొదటిది మేలు. పత్రికలలో ‘ఫలానా పద్ధతిలో గుణం ఇంత శాతం పెరిగినది’ అనే వార్త చదివినప్పుడు గ్రాముకా, మొక్కకా, ఎకరానికా అని విద్యార్థులు అడగడం నేర్చుకోవాలి. పచ్చి ఆకు బరువుకా, ఎండు ఆకు బరువుకా అన్నది మరొక ప్రశ్న. ఎద్దడి మరీ ముదిరితే ఆకులోని రంధ్రాలు మూసుకుని బొగ్గుపులుసు వాయువు లోపలికి రాక, చక్కెర తయారీ కుంటుపడుతుంది. అప్పుడు రెండు లెక్కలూ పడిపోతాయి.

ఎరువు సంగతి దీనికంటే చిత్రమైనది. నత్రజని వేస్తే ఆకు ఏపుగా, ముదురు పచ్చగా వస్తుందని అందరికీ తెలుసు. మొక్క కణాలలో ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నది. దానికి రెండు గిరాకీలు. మాంసకృత్తులు కట్టడానికి అది కావాలి. ఫ్లేవనాయిడుల వంటి ఫినాలు జాతి ద్రవ్యాలకు కూడా అదే మూలం. నత్రజని సమృద్ధిగా ఉంటే మొక్క కొత్త ఆకులు వేయడంలో, మాంసకృత్తులు కట్టడంలో మునిగిపోతుంది. రెండవ పనికి మిగిలేది తక్కువ. నత్రజని కొరతగా ఉంటే పెరుగుదల మందగిస్తుంది. కాని ఎండ ఉన్నది గనుక చక్కెర వస్తూనే ఉంటుంది. ఆ మిగులు కర్బనం నత్రజని అక్కరలేని ద్రవ్యాల వైపు మళ్ళుతుంది. ఫినాలు జాతికి ఈ వివరణ చాలావరకు సరిపోతుంది. ఆవిరయ్యే నూనెల విషయంలో అంత నమ్మకంగా చెప్పలేము. వాటిలో కొన్ని ప్రయోగాలు ఇటు, కొన్ని అటు మొగ్గినవి.

విటమినుల దగ్గరకు వచ్చేసరికి బజారులో మొదటి కట్ట మీదికి పోయిన చెయ్యి పూర్తిగా తెలివితక్కువది కాదని తేలుతుంది. నత్రజని హెచ్చితే చాలా పైర్లలో సి విటమిను తగ్గుతుంది. కాని కెరోటిన్ పెరుగుతుంది. మన శరీరం ఎ విటమినుగా మార్చుకునేది ఈ కెరోటిన్‌నే. పత్రహరితం ఉండే హరితరేణువులలోనే కెరోటిన్ కూడా ఉంటుంది గనుక రెండూ జోడుగా పెరుగుతాయి. ముదురు పచ్చని కట్టలో కెరోటిన్, ఘాటైన చిన్న కట్టలో వాసన, ఫినాలులు! ఏది ‘మంచి’ కట్ట అనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దేనికి మంచి అని అడగాలి.

ఈ ప్రశ్న ఎరువుల కర్మాగారాలతో పుట్టినది కాదు. దక్షిణ భారతంలో చాలాకాలం కిందటనే లేచినది. కూనూరులో 1918లో మెక్‌కారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధన కేంద్రమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ మెక్‌కారిసన్, విశ్వనాథ్‌తో కలిసి 1926లో ఒక వ్యాసం ప్రకటించారు. పశువుల ఎరువు వేసిన చిరుధాన్యానికీ గోధుమకూ రసాయనిక ఎరువు వేసినవాటికంటే పోషక విలువ ఎక్కువగా కనిపించినదని అందులో రాశారు. అది ధాన్యాల మాట. నాటి కొలతలు నేటి కొలతలంత సూక్ష్మమైనవి కావు. అయినా పంట ఎంత అనేదానితోపాటు పంటలో ఏమున్నది అని అడిగిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. ఆ సంస్థవారే 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికలకు 528 ఆహార పదార్థాల నమూనాలను దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి సేకరించారు. ఒక్క ఊరి కొత్తిమీర కొలిచి దేశమంతటి కొత్తిమీర ఇదే అనడానికి వీలులేదు గనుకనే అంత శ్రమ.

నేలలోని ఒకే ఒక్క మూలకం రుచిని తలకిందులు చేసిన ఉదాహరణ కూడా ఉన్నది. అది ఆకు కాదు, ఉల్లి. ఉల్లి ఘాటుకు, కంటనీటికి మూలమైన ద్రవ్యాలలో గంధకం ఉన్నది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టూంబ్స్ జిల్లా రైతు ఒకరు 1931లో వేసిన ఉల్లి ఘాటు లేక తియ్యగా వచ్చినది. అక్కడి ఇసుకనేలలో గంధకం తక్కువ. ముడిసరుకు లేనిచోట సరుకు ఎలా వస్తుంది? క్రమంగా అది విడేలియా ఉల్లిగా పేరుపడినది. ఆ పేరు ఫలానా ప్రాంతంలో పండినదానికే పెట్టాలని 1986లో ఆ రాష్ట్రం చట్టమే చేసినది. అదే విత్తనాన్ని గంధకం బాగా ఉన్న నేలలో వేస్తే ఘాటు వస్తుంది. మన ఉల్లికాడలకు, వెల్లుల్లికి ఈ సూత్రమే వర్తిస్తుంది. తీపి ఉల్లి కోరేవారు గంధకం తగ్గించాలి. వెల్లుల్లి గుణం కోరేవారు తగ్గించరాదు.

ఇంతవరకు చెప్పినది చూసి ఎండ, నీరు, ఎరువులే సర్వస్వమనుకుంటే పొరపాటు. విత్తనం గీసిన గీతను అవి దాటలేవు. దీనికి సాక్ష్యం దక్షిణ ఫ్రాన్సులో ఉన్నది. అక్కడ కొండలలో థైమ్ అనే చిన్న మొక్క అడవిగా పెరుగుతుంది. మన వాము నూనెలోని థైమాల్‌కు ఆ పేరు వచ్చినది దీని నుంచే. చూడడానికి అన్నీ ఒకటే. నలిపితే ఆరు రకాలు. కొన్నింటిలో థైమాల్, కార్వక్రాల్ అనే ఫినాలులు, మిగిలినవాటిలో లినలూల్ వంటివి. ఏ రకమనేది పుట్టుకతో వచ్చే గుణం. మొక్కను తీసుకుపోయి వేరొకచోట నాటినా మారదు. మోంపెలియె నగరానికి ఉత్తరాన ఒక పల్లపు ప్రాంతం ఉన్నది. శీతకాలంలో చల్లగాలి దిగి ఆ పల్లంలో నిలిచిపోతుంది. 1970ల నాటి పటాలలో పల్లంలో అంతా ఫినాలు లేని రకాలు, చుట్టూ వెచ్చని మెట్టలలో ఫినాలు రకాలు కనిపించినవి. ఫినాలు రకం వేసవి ఎద్దడికి బాగా ఆగుతుంది గాని శీతకాలపు తొలిరోజులలో పడే గడ్డుచలికి చచ్చిపోతుంది. 2009, 2010 ప్రాంతంలో మరల వెళ్ళి చూసేసరికి పల్లంలోనే కొన్నిచోట్ల ఫినాలు రకాలు వెలసి ఉన్నవి. ఈ మధ్యకాలంలో అక్కడ చలి తీవ్రత తగ్గినది. 2013లో ప్రచురించిన వ్యాసంలో పరిశోధకులు ఈ రెండింటినీ ముడిపెట్టారు. ఇక్కడ వాతావరణం ఏ ఒక్క మొక్క గుణాన్నీ మార్చలేదు. ఏ మొక్క బతకాలో ఏరినది. తరాలు గడిచేసరికి కొండ వాసనే మారినది.

‘మనకు పనికివచ్చే ద్రవ్యాలు’ అని పైన అన్నాము గాని, ఆ మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఫ్లేవనాయిడులు, యూజినాల్ మొదలైనవి పరీక్షనాళికలో ఆమ్లజనీకరణాన్ని అరికట్టగలవు. కాని పరీక్షనాళిక వేరు, శరీరం వేరు. ఆహారాలకు ఈ శక్తి ఎంత ఉన్నదో చూపే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించేది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ సంబంధం నిరూపణ కాలేదని, వ్యాపార ప్రకటనలలో దుర్వినియోగమవుతున్నదని 2012లో దానిని ఉపసంహరించుకున్నది. పైగా మనం కూరలో వేసే ఆకు కొద్ది గ్రాములు మాత్రమే. కరివేపాకును ఏరి పళ్ళెం అంచున పెట్టేవారికి ఆ కొద్దీ దక్కదు.

పాఠశాలలో ఈ విషయాన్ని పరీక్షించడానికి పుదీనా చాలా అనువైనది. కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది గనుక, ఒకే మొక్క కొమ్మలను అన్ని కుండీలలో నాటితే విత్తనభేదం అనే చిక్కు ఉండదు. ఒకే మట్టి, ఒకే పరిమాణం గల కుండీలు ఆరు తీసుకోండి. మూడింటిని ఎండలో, మూడింటిని గోనెపట్టా పందిరి నీడలో ఆరు వారాలు ఉంచండి. ఎండలోని మట్టి త్వరగా ఆరుతుంది గనుక కుండీలను తూచి, తగ్గినంత నీరు పోయాలి. లేకపోతే ఎండనూ నీటినీ కలిపి పరీక్షించినట్టవుతుంది. ప్రతి కొమ్మకూ చివరి నుంచి మూడవ జత ఆకులే కోయాలి. కారణం పైన ఆకు వయస్సు గురించి చెప్పినచోట ఉన్నది. వాసన పోల్చేవారికి ఏ ఆకు ఏ కుండీదో తెలియకూడదు.

వాసన పరీక్ష అయిన తర్వాత మిగిలిన ఆకునంతా కోసి కుండీవారీగా తూచండి. ఒక్కొక్క రకం నుంచి 20 గ్రాములు రాతి కల్వంలో నూరి, నీటితో కలిపి, గుడ్డలో వడగట్టి 100 మిల్లీలీటర్లు చేయండి. రాగి, ఇత్తడి పాత్రలు తగలనీయరాదు. రాగి సమక్షంలో సి విటమిను త్వరగా నశిస్తుంది. ఈ రసం 25 మిల్లీలీటర్లు తీసుకుని, రంగు పలుచబడేటట్టు నీరు కలిపి, నాలుగు చుక్కల అన్నపు గంజి వేయండి. టింక్చర్ అయొడిన్ ఒక పాలుకు నీరు 19 పాళ్ళు కలిపి, ఆ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలియబెట్టండి. సి విటమిను ఉన్నంతసేపు అయొడిన్ ఖర్చయిపోతుంది. అది అయిపోగానే గంజి నల్లనీలమవుతుంది. పుదీనా రసంలోని కొన్ని ఫినాలులు కూడా కొంత అయొడిన్‌ను తీసుకుంటాయి గనుక చుక్కల లెక్క పోల్చడానికే పనికివస్తుంది. దానిని సి విటమిను మిల్లీగ్రాములుగా మార్చరాదు. పలుచన చేసిన అయొడిన్ నిలవ ఉంటే బలం తగ్గుతుంది. ఎండ ఆకునూ నీడ ఆకునూ ఒకే పూట, ఒకే సీసాలోని ద్రావణంతో చూడాలి. వచ్చిన చుక్కల సంఖ్యను ఒకసారి గ్రాముకు, మరొకసారి కుండీలోని మొత్తం ఆకుకు లెక్కకట్టి నల్లబల్లమీద పక్కపక్కన రాయించండి.